బండి హిసాబ్



పాత ఏడు సీట్ల బండి కొనాలనుకునే భాయీలు నాకు ఫోన్ చేసి అడిగే సవాల్ ఒకటే: "భాయ్, మీరు ఎంతకు కొన్నారు?" 6,20,000కి అని చెబితే "మాషా అల్లాహ్, సస్తాలో దొరికింది" అంటారు. అసలు అడగాల్సింది మూడేళ్లలో ఎంత అయిందని. ఆ హిసాబ్ అంతా అమ్మీ డయాలసిస్ ఫైల్ వెనక కాగితాల మీద నేను రాసిపెట్టుకున్నాను.

2022 ఆగస్టులో అమ్మీకి వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలైంది. మా తగరపువలస నుంచి విశాఖలోని ఆసుపత్రికి పోయి రావాలంటే అరవై కిలోమీటర్ల పైమాటే. మాకున్న చిన్న కారు సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. అందులోంచి లేవాలంటే అమ్మీ మోకాళ్లు సహకరించేవి కావు. ఇంట్లో మేం నలుగురం, అమ్మీ, తమ్ముడు, మరదలు, మొత్తం ఏడుగురం. పెద్ద బండి జరూరీ అయింది. కొత్తదానికి లోన్ తీసుకుని సూద్ కట్టడం మాకు మంజూర్ కాదు. చిన్న కారు అమ్మి, దాచుకున్నది కలిపితే 4,70,000 అయింది. మామూజాన్ 1,50,000 ఖర్జే హసనా ఇచ్చారు. ఆ మొత్తమంతా బండికే పెట్టేశాను. రిపేరుకని ఒక్క రూపాయి మిగుల్చుకోలేదు. ఇది నా మొదటి గల్తీ.

రెండో గల్తీ దానికంటే పెద్దది. బండి 2016 మోడల్, 2.2 లీటర్ల డీజిల్. మీటర్ మీద 82,000 కిలోమీటర్లు. అమ్మే ఆయన మనవాడే. సలాం చేసి లోపలికి పిలిచాడు, చాయ్ ఇచ్చాడు, నమాజ్ టైమ్ అయితే పక్కనే జానమాజ్ పరిచాడు. అట్లాంటి మనిషి ఇంటికి మెకానిక్‌ని వెంటబెట్టుకుని పోతే బేఇజ్జతీ చేసినట్టు ఉంటుందనిపించింది. సర్వీస్ బుక్ అడిగితే ఇల్లు మారినప్పుడు పోయిందన్నాడు. మనవాడే కదా అనే భరోసాతో డబ్బు చేతిలో పెట్టేశాను.

నాలుగో నెలలో ఒకరోజు ఫజర్ చదువుకుని అమ్మీతో బయల్దేరాను. ఆనందపురం దాకా ఏ ఇబ్బందీ లేదు. మధురవాడ కార్‌షెడ్ జంక్షన్ దాటాక బండి లాగడం మానేసింది. అద్దంలో చూస్తే వెనకంతా నీలం పొగ. పక్కకు ఆపి ఆటో పిలిచాను. రాడ్డు పట్టుకుని అమ్మీ ఆటో ఎక్కడానికి పడిన తక్లీఫ్ చూసి నా కళ్లు తిరిగిపోయాయి. ఆ రోజు డయాలసిస్ రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది. అమ్మీ ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మా ఊరి మెకానిక్ బండి విప్పి చూసి, "ఏటి బాబూ, కొనేముందు ఓ పాలి నాకు సూపించలేపోయావా?" అన్నాడు. టర్బో లోపలి ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాన్ని కాపాడేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. టైముకు ఆయిల్ మార్చకపోతే మడ్డి చేరి బేరింగ్ అరిగిపోతుంది, ఆయిల్ ఇంజన్‌లోకి జారి నీలం పొగై వస్తుంది. మా బండికి ఎవరో చిక్కటి ఆయిల్ పోసి ఆ పొగను కొన్నాళ్లు దాచారు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "నా దగ్గరున్నప్పుడు బాగానే ఉండేది భాయ్" అన్నాడు. టర్బోకి 48,000. బీబీ చేతి గాజులు రెండు తీసి ఇచ్చింది. కుదువ పెడితే సూద్ కాబట్టి అమ్మేశాం.

ఆ రాత్రి నుంచి హిసాబ్ రాయడం మొదలుపెట్టాను. మూడేళ్లలో 36,000 కిలోమీటర్లు తిరిగాం. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చింది. లీటరు సుమారు 98 చొప్పున డీజిల్ 2,94,000. టర్బో 48,000, క్లచ్ 32,000, సస్పెన్షన్ 27,000, ఏసీ 14,000. నాలుగు టైర్లు, బ్యాటరీ 46,500. మామూలు సర్వీసులు 45,000. ఇన్సూరెన్స్ 66,000. 2022 జూన్ నుంచి 1500 సీసీ దాటిన ప్రైవేట్ కారుకు థర్డ్ పార్టీ ప్రీమియమే ఏడాదికి 7,897 ఉండేది, దానిపైన జీఎస్టీ. బండి పాతదైనా అందులో తగ్గేదేమీ లేదు.

మొన్న ఆ బండిని 3,90,000కి అమ్మాను. అంటే ధరలో పోయింది 2,30,000. అంతా కలిపితే 8,02,500. కిలోమీటరుకు 22 రూపాయల పైచిలుకు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగాం కాబట్టి నెలకు 22,000 పైనే. పెద్ద బండి పాతబడితే ధర తగ్గుతుంది గానీ దాని టైరు ధర, క్లచ్ ధర తగ్గవు. ఆరు లక్షలకు కొన్నా, అది పదిహేను లక్షల బండి లాగానే తింటుంది.

కొనాలనుకునేవాళ్లకు నా తజుర్బా ఇది. ధరలో ఆరో వంతైనా మొదటి ఏడాది రిపేర్లకు పక్కన పెట్టండి. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పోయి, మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. మెకానిక్ ఫీజు దగ్గర కంజూసీ వద్దు. మాది సముద్రం గాలి, కాబట్టి బండి కింద పడుకుని తుప్పు చూడండి. టైరు మీది చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. ఆర్‌సీ మీద పాత లోన్ ఉందేమో పరివాహన్‌లో చూసుకోండి. ఫారం 29, 30 మీద దస్తఖత్‌లు అయ్యాక పధ్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్పించుకోండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

ఇక అమ్మిన సంగతి. తమ్ముడు విజయనగరంలో కాపురం పెట్టాడు, అమ్మాయి హాస్టల్‌లో చేరింది. ఇంట్లో నలుగురమే మిగిలాం. ఎత్తు సీట్లున్న చిన్న బండి చాలు. కానీ మా పెద్ద బండికి ఒక ఐబ్ ఉంది. చలి పొద్దుల్లో రెండో గేర్ గరగరమంటుంది. వేడెక్కాక వినబడదు. మెకానిక్ 30,000 అవుతుందన్నాడు. సాయంత్రం చూపిస్తే ఎవరికీ తెలియదు. 4,20,000కి ఒకరు దాదాపు ఒప్పుకున్నారు కూడా. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మామూజాన్ ఖర్జ్‌లో ఇంకా 40,000 బాకీ. నా టర్బో పైసలు నాకెవరు ఇచ్చారని కూడా దిల్‌లో అనిపించింది, ఛుపానా ఎందుకు.

నా ఫోన్ మాటలు విన్న అమ్మీ పొద్దున అంది: "ఐబ్ ఛుపాకే నక్కో బేచ్ బేటా. ఉస్ కే ఘర్ మేఁ భీ అమ్మా రహతీ."

చెప్పేశాను. ఆ కొనేవాడు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. మూడు వారాల తర్వాత భీమిలి నుంచి ఒక కుర్రాడు మెకానిక్‌ని వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చాడు. గేర్ సంగతి అతను అడగకముందే చెప్పాను. సరిగ్గా 30,000 తగ్గించాడు. ఇచ్చేశాను. నా హిసాబ్ కాగితాల జిరాక్స్ కూడా ఇచ్చాను. ఏ కిలోమీటర్ దగ్గర ఏం మార్చానో అందులో అంతా ఉంది. మామూజాన్ బాకీ మొదట తీర్చాను. మిగిలినదాంట్లోనే కొత్త వేట. ఈసారి మెకానిక్ నాకంటే ముందు బండి చూస్తాడు, ఇన్షా అల్లాహ్.

అమ్మీ సెహత్ కోసం దువా చేయండి.