తాతయ్యకి తొండం వచ్చింది

మీ ఇంట్లో గురక ఎవరిదండీ? మీది కాదంటారా? నేనూ ముప్ఫయ్యేళ్ళు అలాగే అన్నాను. పక్కింటివాళ్ళకి వినిపిస్తుంది గానీ పెట్టేవాడికి వినిపించదు, గురకతో వచ్చిన చిక్కే అది. "తల దిండుకి తగలగానే నిద్ర, అదృష్టవంతుడు!" అని మా అత్తగారు మెచ్చుకునేవారు. ఆ అదృష్టం పగలు కూడా నన్ను వదిలేది కాదు. పెళ్ళిళ్ళలో సరిగ్గా మంగళసూత్రం వేళకి కునుకు. చివరికి ఓ రోజు ఎర్రలైటు దగ్గర, స్కూటరు మీదే కునుకు! వెనక హారన్లు మోగితే గానీ తెలివి రాలేదు.

అప్పుడు లాక్కెళ్ళింది మా ఆవిడ డాక్టరు దగ్గరికి. "గురక పెడితే పెట్టారు లెండి, అలవాటైపోయింది. మధ్యలో ఆపేస్తారు చూడండీ, అదీ నా భయం" అంది. ఆయన నన్నొదిలేసి ఆవిడనే ప్రశ్నలడగడం మొదలెట్టారు. ఎంతసేపు ఆగుతుంది, మళ్ళీ ఎలా మొదలవుతుంది అని. ఆవిడ తడుముకోకుండా చెబుతోంది. నా నిద్ర గురించి నాకు తెలిసింది సున్నా అని ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది.

తర్వాత స్లీప్ స్టడీ. తలకీ ఛాతీకీ వేలికీ తీగలు తగిలించి, "ఇక హాయిగా పడుకోండి" అన్నారు. మర్నాడు లెక్క తేలింది: గంటకి 38. అంటే గంటలో 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా సన్నబడడమో జరుగుతోంది, ఒక్కోటీ కనీసం 10 సెకన్ల పాటు. 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి గాలి దారి మూసుకుపోతుందిట. ఒంట్లో ఆక్సిజన్ తగ్గగానే మెదడు కంగారుపడి తట్టి లేపుతుంది. లేచినట్టు మనకి గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నాననుకున్న మనిషి రాత్రంతా లేస్తూనే ఉన్నాడన్నమాట!

మందేమిటయ్యా అంటే గాలి! సీప్యాప్ అనే చిన్న డబ్బా గొట్టంలోంచి ముక్కుకి పెట్టిన మాస్కులోకి గాలి ఊదుతూ ఆ దారిని మూసుకోనివ్వదు. 1980లో సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు కనిపెట్టాడు. తొలిరోజుల్లో వాక్యూమ్ క్లీనర్ మోటారుతో ఊదించేవాడట. నాకు పెట్టిన ఒత్తిడి 10 సెంటీమీటర్ల నీళ్ళు. భయపడకండి. గ్లాసు నీళ్ళలో స్ట్రా 10 సెంటీమీటర్లు ముంచి బుడగలు తెప్పించడానికి ఎంత ఊదాలో అంతే.

అంతే గానీ, మొదటి రాత్రి తుఫానులో కిటికీ తెరిచినట్టే ఉంది. నోరు తెరిస్తే ముక్కులోకి వెళ్ళిన గాలి నోట్లోంచి బుస్సుమంటోంది. మాస్కు పక్కల్నించి గాలి కళ్ళలో కొడుతోందని పట్టీలు బిగించాను. ఇంకా ఎక్కువ కారింది, పొద్దునకి బుగ్గలమీద వాతలు! కాస్త వదులు చేస్తే మెత్తటి అంచు తనంతట తనే ముఖానికి సర్దుకుంటుందని తర్వాత తెలిసింది. మనవడు తలుపు సందులోంచి చూసి, "అమ్మమ్మా, తాతయ్యకి తొండం వచ్చింది!" అని పరుగు.

మాస్కు పెట్టుకోగానే గాభరా పుట్టే వాళ్ళకి ఓ కిటుకు: పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకోండి. ఒత్తిడి తక్కువలో మొదలై మెల్లగా పెరిగే ర్యాంప్ మీట ఉంటుంది, వాడుకోండి. ముక్కు ఎండిపోతుంటే మిషనుకి నీళ్ళతొట్టి పెట్టుకోండి, అందులో డిస్టిల్డ్ వాటరే పొయ్యండి. మూడో వారానికి నాకు పొద్దుటి తలనొప్పి పోయింది. రాత్రి మూడేసి సార్లు బాత్రూముకి లేవడం కూడా పోయింది. అదీ ఊపిరి ఆగడం వల్లేనని అప్పటిదాకా తెలీదు.

నాకు నిద్ర వచ్చింది సరే, మా ఆవిడకి పోయింది! గురక వినబడకపోతే ఊపిరి ఆగిందని అన్నేళ్ళుగా చెవికి పట్టేసిందాయె. అర్ధరాత్రి లేచి నా పొట్ట మీద చెయ్యి వేసి చూసేది. ఓ రాత్రి కరెంటు పోయింది. మా ఇన్వర్టరు ఫ్యాన్లకీ లైట్లకే గానీ మంచం పక్క ప్లగ్గుకి లేదు. మిషను ఆగిన మరుక్షణం, "ఏమండీ, మాస్కు తియ్యండి!" అని కుదిపి లేపింది. నాకే కాదు, ఆ మిషనుకి కూడా కాపలా కాస్తోందన్నమాట.

మర్నాడే ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ ప్లగ్గుని ఇన్వర్టరుకి కలిపించాను. మొన్న రాత్రి మా వీధిలో రెండు గంటలు కరెంటు లేదట. పొద్దున పాలబ్బాయి చెబితే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.