రెండు గుండ్ల పాఠము

నా బాల్యమున మా మేనమామగారి ధాన్యపు మరలో ఒక ఆవిరి యంత్రముండెడిది. దానిపై రెండు ఇనుప గుండ్లు తిరుగుచుండెడివి. వేగము హెచ్చినచో అవి వెలుపలికి విచ్చుకొనెడివి. ఆవిరి కవాటము కొంత మూసికొనెడిది. వేగము తగ్గినచో గుండ్లు క్రిందికి వాలెడివి, కవాటము తెరచుకొనెడిది. దీనిని గవర్నరందురు. జేమ్స్ వాట్ 1788లో తన యంత్రమునకు ఇట్టి సాధనమునే అమర్చెను. ఫలితమును గమనించి, దానినిబట్టి కారణమును దిద్దు ఈ పద్ధతికి పునర్నివేశమని పేరు.

ఒకనాడు గవర్నరును మరమ్మతునకు విప్పిరి. మామయ్యను బతిమాలి కవాటమును నేను పట్టుకొంటిని. వేగము పెరుగగానే బెదరి గట్టిగా మూసితిని, యంత్రము ఆగబోయెను. వెంటనే పూర్తిగా తెరచితిని. అది మునుపటికంటె ఉద్ధృతముగా పరుగిడెను. తోలుపట్టా ఊడి మామయ్య ప్రక్కనే పడెను. ఆయన వెంటనే కవాటమును మూసి, వణకుచున్న నా చేయి పట్టుకొని, “తప్పు చిన్నది నాయనా, నీ దిద్దుబాటే పెద్దదైనది” అనిరి.

ఏ గవర్నరు ఊగిసలాటను అణచునో, ఏది పెంచునో మాక్స్‌వెల్ 1868లో గణితముతో వివరించెనని పిదప చదివితిని. నేటికిని ఒకరి తప్పు కనబడినపుడు నాకా గుండ్లు జ్ఞప్తికి వచ్చును. వేళకు దిద్దవలెను, తప్పెంతయో అంతే దిద్దవలెను.