నాన్నగారి ఎడమచెయ్యి

మా నాన్నగారు కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో ముప్పయి ఏండ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం ఆరాధనలో హార్మోనియం వాయించేది ఆయనే. కుడిచెయ్యి మెట్లమీద, ఎడమచెయ్యి తిత్తిమీద. ఆ ఎడమచెయ్యి గురించే ఆయన పిల్లలం ముగ్గురం, అంటే ఇద్దరు అన్నదమ్ములం, మా చెల్లెలు కలిసి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

2021లో స్టేషను మెట్లు ఎక్కుతుంటే ఆయనకు ఛాతీ పట్టేసేది. హైదరాబాదులో కుడి మణికట్టు గుండా ఆంజియోగ్రాం తీశారు. గుండె కండకు రక్తమందించే మూడు ముఖ్య నాళాలూ బాగా పూడిపోయాయని తేలింది. పైగా చాలా ఏండ్లనుండి షుగరు. స్టెంట్లు వేయిస్తే త్వరగా ఇంటికి రావచ్చుగదా అని బంధువులన్నారు. మా ఆశ కూడా అదే. షుగరు ఉండి, ఒకటికంటే ఎక్కువ నాళాలు పూడినవారికి బైపాసే ఎక్కువ మేలు చేసిందని 2012లో వెలువడిన ఫ్రీడమ్ పరిశోధనలో తేలిందని డాక్టరుగారు విడమరచి చెప్పారు.

నాన్నగారు భయపడలేదు. మన దేశంలో మొదటి బైపాస్ 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్‌గారు చేశారని ఎవరో చెప్పగా, "మన రైల్వేవాళ్ళ ఆపరేషనే గదరా" అని నవ్వారు. భయమంతా మాదే.

అంతవరకు మేము బైపాస్ అంటే పూడిక తీయడమే అనుకున్నాము. కాదట. పూడిక దాటించి రక్తం పారడానికి కొత్త దారి వేస్తారు. ఆ దారికి కావలసిన నాళం మన ఒంట్లోనుండే తీయాలి. ఈ మాట వినగానే మా చెల్లెలు, "సార్, నా కాలి నరం తీసుకోండి" అని ఏడ్చింది. డాక్టరుగారు ఆమెను కూర్చోబెట్టి, "వద్దమ్మా, పరాయి నాళాన్ని ఒళ్ళు ఒప్పుకోదు. ఎవరి గుండెకు వారి నాళమే" అన్నారు.

తరువాత ఆయన కాగితంమీద బొమ్మగీసి చూపించారు. రొమ్ము ఎముక వెనుక ఎడమవైపున ఒక ధమని ఉంటుంది. పైకొస అలాగే ఉంచి, కిందికొస విడదీసి గుండె ముందువైపు ముఖ్యనాళానికి కలుపుతారు. ఇది చాలా గట్టిది. పదేండ్ల తరువాత కూడా నూటికి తొంభై వరకు తెరచుకునే ఉంటుంది. కాలినుండి తీసే సిర అలా కాదు. తక్కువ ఒత్తిడికి అలవాటుపడ్డది గనుక ధమని ఒత్తిడికి గోడలు దళసరెక్కుతాయి. పదేండ్లలో దాదాపు సగం మూసుకుపోతాయి.

"రెండు రొమ్ము ధమనులూ తీయరాదా?" అని అడిగాము. షుగరు ఉన్నవారికి అలా తీస్తే రొమ్ము ఎముక మానక చీము పట్టే ప్రమాదం ఎక్కువన్నారు. కాళ్ళు స్కానింగు చేస్తే, షెడ్డులో నిలబడి చేసిన ఉద్యోగం ఫలమో ఏమో, రెంటిలోనూ ఉబ్బునరాలే. ఎడమ తొడలో మాత్రం కొంత భాగం బాగుంది. ఇక మిగిలింది ముంజేతి ధమని. ఆంజియోగ్రాం తీసిన చేతిది వాడరట. అంటే ఎడమచెయ్యి!

మా గుండెలు జారిపోయాయి. డాక్టరుగారు నాన్నగారిని పిడికిలి బిగించమని, మణికట్టు దగ్గర రెండు ధమనులూ నొక్కిపట్టారు. పిడికిలి తెరిస్తే అరచెయ్యి తెల్లగా పాలిపోయింది. చిటికెనవ్రేలి వైపు ధమనిని మాత్రమే వదిలారు. మేము ఊపిరి బిగబట్టి చూశాము. కొన్ని క్షణాల్లోనే చెయ్యంతా ఎర్రబడింది. "ఆ ఒక్కటే చేతిని పోషిస్తుంది, ఇది తీయవచ్చు" అన్నారు. పూడిక బాగా ముదిరినచోటనే ఈ ధమని నిలుస్తుందనీ, కొద్దిపాటి పూడిక ఉన్నచోట కలిపితే మూసుకుపోతుందనీ కూడా చెప్పారు.

మేము ఎటూ తేల్చుకోలేకపోయాము. నాన్నగారే అన్నారు: "తిత్తి కొట్టను మనుమడున్నాడు. గుండె కొట్టుకోను ఎవరున్నారు?" పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. సంతకం ఆయనే పెట్టారు. రొమ్ము ధమని, చేతి ధమని, తొడ సిర ముక్క, ఇలా మూడు దారులు వేశారు.

బొటనవ్రేలి మొదలు కొన్ని నెలలు తిమ్మిరిగా ఉండేది. ఆ ఆదివారాలన్నీ మనుమడు తిత్తి కొట్టగా ఆయన కుడిచేత్తో వాయించారు. కొత్త దారులు వేసినంతమాత్రాన పాత జబ్బు పోదు గనుక ఆస్పిరిను, కొలెస్టరాలు మాత్రలు, షుగరు పథ్యం, నడక నేటికీ తప్పనివ్వము. చుట్ట ఆనాడే మానేశారు.

మీ ఇంట ఎవరికైనా ఈ అవసరం వస్తే, ఏ నాళం తీస్తారు, ఎందుకు తీస్తారు అని డాక్టరును అడగడానికి సంకోచించకండి. పల్లెవారమని జంకవద్దు. మాకు ఓపికగా చెప్పారు. చెప్పించుకున్నందుకే ధైర్యం వచ్చింది.

నిరుటి క్రిస్మస్ ఆరాధనలో తిత్తిమీద ఉన్నది నాన్నగారి ఎడమచెయ్యే. మణికట్టునుండి మోచేతిదాకా సన్నని గీత కనబడుతూనే ఉంది. దేవునికి స్తోత్రం.