పోర్ట్ లూయిస్ నగర దర్శనము

కాశీ రామేశ్వరములకు పోయివచ్చిన స్త్రీని నలుగురును గౌరవింతురు. అమెరికాలో కూతురి పురిటికి పోయివచ్చిన తల్లిని చూడ నిరుగుపొరుగువారందరును వత్తురు. ఆఫ్రికా ఖండమునకు జేరిన యొక రాజధానిని చూచి వచ్చితిమని చెప్పినప్పుడు మాత్రము, "సింహములను చూచితిరా? భయము వేయలేదా?" యని యడుగువారే యెక్కువ. సింహములు మాకు కానరాలేదు. మేమచట చూచినది మనవారి కథ. సోదరీమణులలో నెవరికైన నా నగరమునకు పోవు నవకాశము కలిగినచో నేమేమి చూడవలయునో, మొదట దేనిని చూడవలయునో తెలుపుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మారిషస్ హిందూమహాసముద్రములోని చిన్న ద్వీపము. మడగాస్కరునకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున నున్నది. 1968 మార్చి 12వ తేదీన స్వతంత్రమైనది. గాంధీ మహాత్ముడు 1930లో దండి యాత్రకు బయలుదేరిన తేదీ యదియే యగుటచే నా దినమును గోరి యెన్నుకొనిరి. దాని రాజధాని పోర్ట్ లూయిస్. ఫ్రెంచివారీ రేవు పట్టణమును పెంచి, తమ రాజగు పదునైదవ లూయీ పేరు పెట్టిరి. 1810లో ద్వీపము ఆంగ్లేయుల వశమైనది. ముందు సముద్రము, వెనుక కొండలు, నడుమ నిరుకు వీథులు. రెండుమూడు దినములలో నంతయు నడచి చూడవచ్చును.

మేమిరువురము తోడికోడండ్రము. ఒకరి కాపురము మేడ్చలులో, మరియొకరిది శామీర్‌పేటలో. ఈ మాట యిచట చెప్పుటకు కారణము గలదు. నిజామాబాదు నుండి వచ్చు పెద్ద రహదారి మేడ్చలు మీదుగా పోవును. కరీంనగరము నుండి వచ్చు రాజీవ్ రహదారి శామీర్‌పేట చెరువు ప్రక్కగా పోవును. ఆ జిల్లాలనుండి దుబాయి, మస్కట్, సౌదీ దేశములకు కూలికి పోవువా రీ రెండు దారులనే వచ్చి, ఔటర్ రింగు రోడ్డెక్కి శంషాబాదు విమానాశ్రయమునకు పోవుదురు. త్రాళ్లతో బిగించి కట్టిన సంచులు, కారు కిటికీలోనుండి వెనుకకు చూచు పడుచువాడు, ప్రక్కన కొంగు నోటికడ్డము పెట్టుకొన్న తల్లి, మాకు నిత్యము కనబడు దృశ్యమే. ఈ కన్నులతోనే మేము పోర్ట్ లూయిస్ చేరితిమి. అందుచేత నచట మొదట చూడవలసినది రేవునొద్దనున్న ఆప్రవాసి ఘాట్ అని మా యభిప్రాయము.

ఆంగ్లేయులు తమ రాజ్యములలో బానిసత్వమును రద్దుచేయగా, చెరకుతోటల యజమానులకు కూలివారు కావలసి వచ్చిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను నోడ 36 మంది భారతీయ కూలీలను ఒప్పందముమీద నీ రేవున దింపినది. అది మొదలు 1920 వరకు వచ్చినవారు సుమారు నాలుగున్నర లక్షలమంది. వారిలో మన తెలుగువారును గలరు. గోదావరి సముద్రమున కలియుచోటనున్న కోరంగి రేవునుండి వచ్చిన కారణమున వారిని "కోరంగీలు" అని పిలిచిరి. ఆ కోరంగి 1839 నవంబరులో వచ్చిన గాలివాన యుప్పెనలో నాశనమైనది. పోయినవారు తిరిగి వత్తమన్నను, వా రెక్కిన రేవు పూర్వమువలె లేకపోయినది.

ఘాట్‌లో నిపుడు మిగిలినవి నల్లరాతి గోడలు, వంటయిల్లు, వైద్యశాలగది, స్నానపు దొడ్లు, వానితోపాటు పదునారు మెట్లు. ఓడ దిగిన ప్రతివాడును ఆ మెట్లెక్కియే లోనికి రావలెను. 2006లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ప్రక్కనే ప్రదర్శనశాల గలదు. పూర్వము దీనికి కూలీ ఘాట్ అని పేరు. తరువాత నా నీచశబ్దమును తొలగించి ఆప్రవాసి యని మార్చిరి. నవంబరు 2వ తేదీ దేశమంతటను సెలవుదినము. ఆ మెట్లు చిన్నవి, అరిగిపోయినవి. గొప్ప కట్టడమును చూడగోరి వచ్చినవారు నిరాశపడుదురు. మేము మాత్రము చాలసేపు కదలలేకపోతిమి. మా వాకిటి ముందు దినదినమును సాగిపోవు ప్రయాణమున కిదియే మొదటి మజిలీ వలె తోచినది.

మగవానికి నెలకు 5 రూపాయల జీతము, తిండిగింజలు, బట్టలు, అయిదేండ్ల ఒప్పందము. ఒక దినము పనికి రానిచో రెండు దినముల కూలి విరుగగోయువారు. స్త్రీలు బహు కొద్దిమంది. ఓడ దిగిన ప్రతివానికి నొక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు, దేహముపై నున్న గుర్తులు దస్త్రములలో వ్రాసికొనిరి. తరువాతి కాలమున ఛాయాచిత్రములును తీసిరి. కూలివాడు పారిపోకుండ కట్టివేయుటకు వ్రాసిన వ్రాత యది. కాని నేడా వ్రాతయే వాని మునిమనుమల కాస్తియైనది.

ఆ దస్త్రములు నగరమునకు కొద్ది మైళ్ల దూరమున, మోకా యను నూరిలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రపరచబడినవి. ఆ దేశీయులు తమ పూర్వుల పేర్లను వెదకుకొనుట కచటికి వత్తురు. పేరు దొరకినవాడు తన గ్రామమును తెలిసికొనును. పేరు తప్పుగా వ్రాయబడినచో వాని తీగ యచటనే తెగిపోవును. తెలుగు పేర్లు ఫ్రెంచి చెవులకు విననైనట్లు వ్రాయబడినవి గాన, మన అప్పన్న, అప్పడు వంటి పేర్లను పోల్చుకొనుటకే కొంత సేపు పట్టును.

ఘాట్ చూచిన పిదప నడకదూరముననున్న నడివీథి బజారునకు పోవలెను. ఇచట స్త్రీల కొక పూట చాలదు. కూరగాయల వరుసలలో బీర, కాకర, బెండ, మునగ యన్నియు గలవు. మునగాకును వారు "బ్రేద్ మురుమ్" అందురు. కరివేపాకునకు "కారిపులే" యని పేరు. వడ్డించుచోట "ధోల్ పూరీ" తినితీరవలెను. ఉడికించి నూరిన పప్పును పిండిలో కూరి పలుచగా నొత్తి కాల్చినది. మన వైపు పోలె యందుము, కోస్తావారు బొబ్బట్టు అందురు, దానికి బెల్లము తీసివేసి కూరతోడను పచ్చడితోడను తినుట యని భావింపుడు. "గాతో పిమాఁ" యని యమ్మునవి పప్పును నూరి పచ్చిమిరపకాయ వేసి కాల్చిన చిన్న వడలే. దేశము మారినను, భాష మారినను, వంటయింటి చేయి మాత్రము మారలేదు. దాహమునకు "అలూదా" యను సబ్జాగింజలు వేసిన చల్లని పాలు దొరకును.

మరునాడు ప్రొద్దుటి చల్లదనమున సిటాడెల్ కోట యెక్కుట మంచిది. విలియము రాజు భార్య అడిలైడు రాణి పేర 1834లో మొదలుపెట్టిన కోట యది. పైనుండి రేవు, కప్పులు, కొండలు నన్నియు నొక్క చూపులో కనబడును. దాని క్రిందనే షాఁ ద మార్స్ అను గుఱ్ఱపుపందెముల మైదానము. 1812 నుండి పందెములు జరుగుచున్నవి. స్వాతంత్ర్యదినమున నా దేశపు జెండాను మొదట నెగురవేసిన దిచటనే. పిల్లలున్నచో ప్రకృతి వస్తుప్రదర్శనశాలను మరువరాదు. డోడో యను పక్షి యీ ద్వీపమున దప్ప మరెచటను లేదు. ఎగురలేనిది, మనుష్యుని చూచి బెదరనిది. డచ్చివారు దిగిన నూరేండ్లలోపలనే దాని వంశము నశించినది. ఇపుడు దాని యెముకలగూడు మాత్రము మిగిలియున్నది. రేవునొద్ద బ్లూ పెన్నీ ప్రదర్శనశాలలో 1847 నాటి రెండు తపాలా బిళ్లలు గలవు. రంగు వెలిసిపోవునని గంటకు కొద్ది నిమిషములు మాత్రమే వానిపై దీపము వెలిగింతురు.

మూడవనాడు పాంప్లెముస్ ఉద్యానవనమునకు పోవచ్చును. పెద్ద పళ్లెములవలె నీటిపై తేలు తామరాకులు, బ్రతుకున నొక్కసారి పూచి చనిపోవు శ్రీతాళవృక్షములు నచట ప్రసిద్ధములు.

ఇక మన తెలుగు మాట. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినము. పాఠశాలలలో తెలుగును గోరినవారికి నేర్పుదురు. ఆంధ్ర మహాసభ గలదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభ లా ద్వీపముననే జరిగినవి. ఇంటిలో మాటలాడు భాష మాత్రము చాలవరకు క్రియోలు. మేమొక సాయంకాలము రామభజనమునకు పోయితిమి. దీపము నడుమ నుంచి చుట్టును నిలిచి పాడుచున్నారు. మా ప్రక్కనున్న ముసలమ్మ ప్రతి చరణమును తప్పులేకుండ పాడినది. పాట ముగిసిన పిదప "అమ్మా, మీ పూర్వు లే యూరివారు?" అని మేమడుగగా, చిరునవ్వు నవ్వి చేయి త్రిప్పినది. మా ప్రశ్న యామెకు తెలియలేదు. ఆమె మనుమరాలు, బడిలో తెలుగు నేర్చిన పిల్ల, మా మాటను క్రియోలులో చెప్పి, జవాబును కూడబలుకుకొని తెలుగులో మాకు చెప్పినది: "అవ్వకు తెలియదండీ. కాగితము లేదు. పాట మాత్రము వాళ్లమ్మ నేర్పినది."

ఈ మాటలు మమ్ము మేడ్చలు వరకు వెంబడించినవి. కాగితము నాటి ప్రభువుల చేతిలో నుండెను, పాట తల్లి చేతిలో నుండెను. తల్లి చేతిలోనిది తప్పక మనుమరాలి వరకు వచ్చినది. నేడు కాగితము కూడ మన చేతిలోనికి వచ్చియున్నది. మన రహదారులను పోవు పడుచువాండ్ర తల్లులు, భార్యలు నందరును చదువురానివారు కారు. ఐనను వారిలో ననేకుల యింట, పోయినవాని ఒప్పందపు ప్రతి లేదు, పని యిచ్చువాని చిరునామా లేదు, పంపిన ఏజెంటు పేరు సరిగా తెలియదు. ఆపద వచ్చిననాడు వారెవరి తలుపు తట్టగలరు?

కావున సోదరీమణులారా, మీ యింటినుండి గాని, మీ యింట పనిచేయువారి యింటినుండి గాని యెవరైన నట్లు పోవుచున్నచో, వారు బయలుదేరకముందే పాసుపోర్టు, వీసా, ఒప్పందము, ఈ మూడింటి ప్రతులను తీసి పెట్టెలో భద్రపరుపుడు. ఏజెంటు ప్రభుత్వమున నమోదైనవాడో కాదో హైదరాబాదులోని వలసకార్మికుల రక్షణాధికారి కార్యాలయమున విచారింపుడు. వలసపోవు కార్మికులకు ప్రభుత్వము 2017లో 10 లక్షల రూపాయలకు పెంచిన ప్రవాసి భారతీయ బీమా గలదు. ఆ పత్రము చేతికి వచ్చినదో లేదో యడుగుడు. చదువు రానివారికి మీరే చదివి చెప్పుడు.

పోర్ట్ లూయిస్ పోదలచినవారికి తుది మాట. మే మొదలు అక్టోబరు వరకు వాతావరణము చల్లగా నుండును. జనవరి మొదలు మార్చి వరకు తుపానుల భయము. అచటి గడియారము మనకంటె గంటన్నర వెనుక. మీ కుటుంబము కోస్తా ప్రాంతపుదై, పూర్వు లోడ యెక్కిరని పెద్దలెవరైన చెప్పియున్నచో, వారి పేర్లు, ఊరి పేరు, తెలిసినంతవరకు సంవత్సరము కాగితముమీద వ్రాసికొని పోవుడు. మోకాలోని దస్త్రములకు మొదట కావలసిన దదియే. అట్టి కథ మీ యింట లేకున్నను, పెద్దవారు బ్రతికియుండగనే వారి నడిగి మీ కుటుంబపు పేర్లను వ్రాసి యుంచుడు.