రామదాసుని దెప్పిపొడుపు

ముదిగొండకు పొరుగుననున్న నేలకొండపల్లిలో జన్మించి, పాల్వంచ పరగణాకు తహశీల్దారై, భద్రాద్రిపై రామాలయము కట్టించి, అందులకు సర్కారు సొమ్ము వ్యయపరచెనన్న నేరమునకు, 1672లో గద్దెనెక్కిన తానీషా కాలమున గోల్కొండ చెరసాల పాలైన కంచర్ల గోపన్న, అనగా మన రామదాసు, వేడుకోళ్లతో తృప్తి చెందక, సీతమ్మకు చేయించిన చింతాకు పతకము మొదలుగా నగల ఖర్చెల్ల ఏకరువు పెట్టి, ఇవి నీ తండ్రి దశరథుడిచ్చెనా, మామ జనకుడు పంపెనా యని ఒక కీర్తనలో తన దేవుని దెప్పిపొడిచినాడు.

వేళాకోళము, ఎకసెక్కెము, వెటకారము మొదలుగా మన పరిహాసమునకు రూపములనేకములు గలవు. వానిలో పరుని చిన్నబుచ్చుటకే పుట్టినవి నాకు రుచింపవు. గోపన్న పలుకులలో కోపమున్నది, కొంటెతనమున్నది, అంతకు మించి ఇంటివాని చనువున్నది. దెబ్బలకోర్వలేక యట్లంటినని పిదప ఆ రామునికే విన్నవించుకొనుట మరింత హృద్యము. నిందాస్తుతిలో ఇంతటి కీర్తన మన భాషలో నాకు వేరొకటి కానరాదు.