ఇంట్లో పట్టించిన కారం

బజార్లో కారం పొట్లాలకేం లోటు? అయినా మనం మిరపకాయలు కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, దగ్గరుండి మర పట్టించుకొస్తాం. పొట్లంలో ఏం కలిపారో తెలీదు గనక!

బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేరుదీ అదే వరస. 2009 జనవరిలో సతోషీ నకమోటో అనే పేరుతో ఎవరో దాన్ని విడుదల చేశారు. ఆ మనిషెవరో ఇప్పటికీ తేలలేదు. మనిషిని చూసి నమ్మే వీల్లేదు గనక, రాతని చూసి నమ్మాలి. ఆ రాతే సోర్స్ కోడ్. అది అందరికీ బాహాటమే. దాన్ని తెచ్చుకుని, యంత్రానికి అర్థమయ్యేలా మన డెస్క్‌టాప్ మీదే మార్చుకోవడాన్ని కంపైల్ చెయ్యడం అంటారు.

మా అబ్బాయి ఆ పనిలో ఉంటే, తెరమీద పరిగెత్తే వరసలు చూస్తూ, "తయారైంది దొరుకుతుండగా ఈ తంటా ఎందుకురా?" అన్నాను.

"డబ్బు సంగతమ్మా! కల్తీ ప్రోగ్రాము రహస్య తాళం దొంగకి చేరవేస్తే, మొరపెట్టుకోవడానికి బ్యాంకు మేనేజరుండడు" అన్నాడు.

బాగానే ఉంది. మరి మరలోనే కల్తీ ఉంటే? కంపైలరే మోసగిస్తే సోర్స్ కోడ్ ఎంత చదివినా దొరకదని కెన్ థాంప్సన్ 1984లోనే హెచ్చరించాడు. అందుకే కొందరు ఎవరికి వారు విడిగా కంపైల్ చేసి, ఫలితం పొల్లుపోకుండా ఒకటేనా అని సరిచూస్తారు.

ఎవర్నీ నమ్మనక్కర్లేదంటూ మొదలైన వ్యవహారం, చివరికి నలుగురి సాక్ష్యం దగ్గరికే వచ్చింది. పొలంగట్టు తగాదాలోనైనా అంతే కదండీ!