పక్షం మారిన వేళ

2019 సెప్టెంబరులో మా అమ్మాయి, అల్లుడు మమ్మల్ని స్పెయిను దక్షిణ తీరానికి తీసుకువెళ్లారు. మాలగా నగరానికి తూర్పున, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఒక విహారపట్టణం. పేరు చెప్పను. అక్కడివారి తప్పేమీ లేదు, తప్పంతా నాదే.

అద్దెకారును అల్లుడు నడుపుతుంటే, పక్కన కూర్చుని వీధి పలకలు చదివే పనిని నేను పుచ్చుకున్నాను. మూడు దశాబ్దాలు తెలుగు పండితుడిగా వెలగబెట్టినవాణ్ణి, నాలుగు పలకలు చదవలేనా అన్న ధీమా. అల్లుడికి తెలుగు రాయడం రాదని పెళ్లినాటి నుంచి నాకొక చిన్నచూపు కూడా ఉండేది. ఒప్పుకోవాలి.

రంగుల భాష సులువే. తెల్లగీతల మధ్య రుసుము లేదు. నీలిగీతలైతే యంత్రంలో నాణేలు వేసి, వచ్చిన చీటీని ముందరి అద్దం వెనుక కనబడేటట్లు పెట్టాలి. పసుపుగీత పక్కన బండి పెట్టరాదు. ఎర్రని అంచుగల నీలి వృత్తంలో ఒకే ఎర్రగీత ఉంటే బండి నిలిపి వెళ్లకూడదు. రెండు గీతలు కత్తెర పడితే క్షణం ఆపడానికైనా వీల్లేదు. కొన్ని తలుపుల మీద ‘వాదో పెర్మనెంతె’ అనీ, కింద ఒక సంఖ్యా కనిపిస్తాయి. అది ఇంటి నంబరు కాదు, ఆ ద్వారానికి ఎవరూ అడ్డు రాకుండా పురపాలకులిచ్చిన అనుమతి సంఖ్య. ‘లబొరాబ్లెస్’ అంటే పనిదినాలు, శనివారమూ అందులోదే. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు రుసుము అక్కరలేదని మా వీధి యంత్రం మీద ఉంది. అంగళ్లు మూసి భోంచేసి సేదతీరే వేళను యంత్రం సైతం మన్నించడం నాకు ముచ్చటగా తోచింది.

15వ తేదీ ఆదివారం సాయంత్రం, బస దగ్గరి ఇరుకు వీధిలో చోటు దొరికింది. అక్కడి పలకలో ఎర్రగీతతో పాటు ‘16-31’ అని అంకెలు. అవతలి వైపు ‘1-15’.

“ఇదేమిటి, మామయ్యగారూ?”

“నెలలో మొదటి పక్షం ఆ వైపు పెట్టకూడదు, రెండో పక్షం ఈ వైపు. ఇవాళ పదిహేను కనుక నిశ్చింత.”

మార్పు ఉదయం తొమ్మిదింటికని బస యజమానురాలు చెప్పింది. “మీరు పెందలాడే లేస్తారు కదా, నన్ను లేపండి” అన్నాడు అల్లుడు.

“అది నా పూచీ, నాయనా” అన్నాను.

చిత్రమేమంటే, మన పంచాంగంలోనూ ఆ రోజు భాద్రపద బహుళ పాడ్యమి. పక్షాన్ని వారు ‘కిన్సేన’ అంటారు. పదిహేను అనే ‘కిన్సె’ నుంచి పుట్టిన మాట. ఆ కిన్సె, లాటిను మీదుగా వెనక్కి వెళితే, మన ‘పంచదశ’కు దాయాది. ఈ సంగతి తట్టినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు.

మరునాడు ఐదింటికే లేచాను. అంతా చీకటి. అల్లుణ్ణి అప్పుడే లేపడమెందుకని మా ఆవిడతో సముద్రపు ఒడ్డుకు నడిచాను. సెప్టెంబరు నడుమ అక్కడ ఎనిమిది కావస్తేగాని సూర్యుడు పొడచూపడు. అరవై ఏళ్లుగా మన పొద్దుపొడుపుకు అలవాటుపడిన ఒంటికి అప్పుడే ఆరైనట్లుంది. బల్ల మీద కూర్చుని ఆవిడకు పంచదశ కథ విప్పాను. “ఇంక పదండి, ఎండెక్కుతోంది” అని ఆమె లేచి, మేము బసకు చేరేసరికి పది దాటింది.

కారు లేదు. అది నిలిచిన చోట నేలకు అంటించిన త్రిభుజాకారపు కాగితం ఉంది. ‘గ్రూవా’ అంటే బళ్లను లాక్కుపోయే బండి అని నిఘంటువు తీయకుండానే బోధపడింది. మా ఆవిడ ఉదయం వేసుకోవలసిన రక్తపోటు మాత్రలు ఆ కారులోనే ఉన్నాయి.

అల్లుడు నన్నొక్క మాట అనలేదు. ఇంటిపని మరచిన పిల్లలను నేను తరగతిలో నిలబెట్టి ఎంతెంత మాటలనేవాణ్ణో ఆ మౌనంలో ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. అతడు ఎండలో నడిచి వెళ్లి, కారు విడిపించి, ముందుగా మాత్రలు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాడు. తరలింపు రుసుమూ జరిమానా కలిపి నూరు యూరోలు దాటింది; ఇరవై రోజుల్లో కడితే జరిమానాలో సగం తగ్గిస్తారు కనుక అంతటితో సరిపోయిందట. కానుకలకని దాచుకున్న డబ్బు ఇవ్వబోయాను. తీసుకోలేదు.

“మీరు చదివింది సరిగానే చదివారు, మామయ్యగారూ. నేను కూడా అలారం పెట్టుకోవలసింది” అన్నాడు.

ఆ రాత్రే నా ఫోనులో ఎనిమిదిన్నరకు అలారం పెట్టించుకున్నాను. మిగిలిన నాలుగు రోజులూ అది మోగకముందే నాణేల సంచితో వీధిలో ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో, విమానాశ్రయానికి వెళ్లే దారిలో భోజనానికి ఆగాం. అల్లుడు ఒక పలక దగ్గర వేగం తగ్గించి, “ఇక్కడ పెట్టొచ్చా, మామయ్యగారూ?” అని అడిగాడు. నేను దిగి, పలకను రెండుసార్లు చదివి, తేదీ, గడియారం చూసుకుని, పెట్టమన్నాను.